సైబర్ లా ఎల్‌ఎల్‌ఎం కోసం తోట అమ్మాలా?

ప్రశ్న: అమలాపురం దగ్గర పల్లెలో మాకు రెండెకరాల కొబ్బరితోట ఉంది. మా అమ్మాయి బీకాం అయ్యాక భీమవరంలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరింది, ఇప్పుడు చివరి సెమిస్టర్. ఇంటర్నెట్ చట్టాల్లో పీజీ చేస్తానంటోంది. ఒక కన్సల్టెన్సీ వారు బ్రిటన్ పంపమంటున్నారు. దానికి ఎకరం తోట అమ్మాలి. నేనేమో జడ్జి పరీక్ష రాయమంటున్నాను. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన మా అబ్బాయి కూడా తానూ ఆ కోర్సే చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండి. ముందు అబ్బాయి సంగతి చెబుతాను, అది చిన్నది. మన దేశంలో ఎల్‌ఎల్‌ఎంలో, అంటే న్యాయశాస్త్రం పీజీలో, చేరాలంటే ఎల్‌ఎల్‌బీ ఉండి తీరాలి కనుక అతనికి ఆ దారి లేదు. అయితే హైదరాబాద్‌లోని నల్సార్, బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ వంటి సంస్థలు సైబర్ చట్టాల్లో నడిపే పీజీ డిప్లొమాల్లో ఏ డిగ్రీ చదివినవారైనా చేరవచ్చు. ఆ డిప్లొమాతో నల్లకోటు రాదు గాని, సైబర్ భద్రత, ఫోరెన్సిక్స్ వైపు వెళ్లదలచుకుంటే అతని కంప్యూటర్ చదువుకు అది మంచి తోడు.

ఇక అమ్మాయి విషయం. ఆమె కోరిక ఏదో మోజు కొద్దీ పుట్టినదని మీకు అనిపించవచ్చు, నేను అలా అనుకోవడం లేదు. ఇంటర్నెట్ చట్టం అనేది ఒక పుస్తకంలో ఇమిడే సబ్జెక్టు కాదు. 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం దానికి మొదలు. 2008లో దానిని బాగా సవరించారు. ఆ సవరణతో వచ్చిన, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ తీర్పు వెలుగులోనే 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు కనుక బ్యాంకులు, ఆసుపత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ చట్టం తెలిసిన మనుషుల కోసం చూడక తప్పదు.

అయితే ఈ చట్టాలకు పని పడేది హైదరాబాద్ అద్దాల మేడల్లోనే అనుకోకండి. అంబాజీపేటలో వ్యాపారి వెయ్యి కాయల ధర వాట్సాప్‌లో రాసి పంపుతాడు, రైతు సరేనని జవాబిస్తాడు, దింపు అయ్యాక ధర పడిపోయిందని వ్యాపారి మాట మారుస్తాడు. కాగితం మీద సంతకం లేదు కదా అని రైతు ఊరుకుంటాడు. నిజానికి ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది. ఆ సందేశాన్ని కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టడమే అసలు పని. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ ప్రింటవుటుతో పాటు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం దాఖలు చేసేవారు, మరో భాగం నిపుణుడు నింపాలి, ఆ రికార్డు హ్యాష్ విలువను (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి సంకేతాన్ని) రాయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి కట్టలో పెట్టేస్తే సరిపోతుందనుకున్న ప్లీడరు చేతిలో మంచి కేసు కూడా వీగిపోతుంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది నాకు చాలా కాలంగా ఆశ్చర్యం కలిగిస్తున్న విషయం. ఫోన్‌లో మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవారు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేస్తారు, పోలీస్ స్టేషన్‌కు వెళతారు. ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి కనుక అక్కడ కొంత ఆలస్యం తప్పదు. కాని సమాచార సాంకేతిక చట్టంలోని 46వ సెక్షన్ కింద, 5 కోట్ల రూపాయలకు మించని పరిహారం కోసం, రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు విడిగా దరఖాస్తు పెట్టుకునే వీలుంది. ఖాతాదారు సమాచారాన్ని సరిగా కాపాడని సంస్థ మీద కూడా ఈ దారిలో వెళ్లవచ్చు. అక్కడ వచ్చిన ఉత్తర్వు మీద అప్పీలు ఢిల్లీలోని టెలికాం వివాదాల ట్రిబ్యునల్‌కు పోతుంది. ఈ దారి తెలిసి, దరఖాస్తును పద్ధతిగా రాయగల న్యాయవాదులు మన డెల్టా పట్టణాల్లో ఎందరున్నారో మీ అమ్మాయిని ఆమె సీనియర్లనే అడిగి చూడమనండి. వారు చెప్పే జవాబును బట్టి ఆమెకు ఇక్కడ ఎంత చోటుందో తెలుస్తుంది.

నేను పైన చెప్పిన ప్రతి పనిలోనూ సాంకేతిక పరిజ్ఞానం పావు వంతు, సాక్ష్యమూ ప్రొసీజరూ ముప్పావు వంతు. ఈ ముప్పావు వంతు తరగతి గదిలో పట్టుబడదు. అందుకని ఎల్‌ఎల్‌బీ అయిన వెంటనే ఎల్‌ఎల్‌ఎంకు పరుగెత్తవద్దన్నది నా అభిప్రాయం. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, ఆలిండియా బార్ పరీక్ష రాసి, అమలాపురంలోనో రాజమహేంద్రవరంలోనో సివిల్, క్రిమినల్ రెండూ చూసే సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరమనండి. మీ కోరిక కూడా ఇందులోనే కలుస్తుంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కాబట్టి, రేపే పరీక్ష రాయమని మీరు పట్టుబట్టినా ఆమె రాయడానికి వీల్లేదు. తండ్రీకూతుళ్లు ఇప్పుడే తగువు పడాల్సిన అవసరం లేదండి.

ఆ ప్రాక్టీసు సాగుతుండగానే నల్సార్ దూరవిద్యలో ఇచ్చే సైబర్ చట్టాల పీజీ డిప్లొమా చేయవచ్చు. ఉదయం కోర్టు, రాత్రి పుస్తకం అన్నట్టు నడుస్తుంది. ఏడాది తరువాత కూడా ఆ సబ్జెక్టు మీద ఇష్టం తగ్గకపోతే అప్పుడు ఎల్‌ఎల్‌ఎం. మన విశ్వవిద్యాలయాల సీట్లకు పీజీఎల్‌సెట్, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ పీజీ రాయాలి. వాటిలో మీకు దగ్గరది విశాఖ శివార్లలోని సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం. జాతీయ విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సు ఎక్కువగా ఏడాదిదే. స్పెషలైజేషన్ పేరు చూసి మోసపోవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యం, డేటా రక్షణ, ఇంటర్నెట్ మధ్యవర్తి సంస్థల (సోషల్ మీడియా వంటివాటి) బాధ్యత అనే మూడింటినీ విడివిడి పేపర్లుగా చెబుతున్నారా, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) గైడుగా ఆ విషయం తెలిసిన అధ్యాపకులున్నారా అని చూడాలి. పాఠాలు చెప్పే ఉద్దేశం ఉంటే ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం మార్కులూ, నెట్ అనే అధ్యాపక అర్హత పరీక్షలో ఉత్తీర్ణతా కావాలి.

విదేశీ చదువును నేను తీసిపారేయడం లేదు. నార్వేలోని ఓస్లో, నెదర్లాండ్స్‌లోని లైడెన్, బ్రిటన్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాలకు ఈ రంగంలో మంచి పేరుంది. ఓస్లోలో కంప్యూటర్లూ చట్టమూ కలిపి పరిశోధించే కేంద్రం 1970 నాటికే ఉంది. 2018 మే 25 నుంచి అమలవుతున్న యూరప్ డేటా రక్షణ నిబంధనలు, అక్కడి ప్రజలకు సేవలందించే మన కంపెనీలకూ వర్తిస్తాయి. హైదరాబాద్‌లో అటువంటి కంపెనీలో పనిచేయాలనుకునే వారికి ఆ చదువు సూటిగా ఉపయోగపడుతుంది. అమలాపురం కోర్టులో నిలబడదలచుకున్నవారికి మాత్రం అక్కడి చట్టం ఇక్కడ వాదనకు అలంకారమే అవుతుంది. పైగా విదేశీ ఏడాది ఎల్‌ఎల్‌ఎంను ఇక్కడి ఎల్‌ఎల్‌ఎంతో సమానంగా చూసే విషయంలో బార్ కౌన్సిల్ 2021 జనవరిలో ప్రకటించిన నిబంధనలు కఠినంగా ఉన్నాయి, అధ్యాపక ఉద్యోగం కోరేవారు దీనిని గుర్తుంచుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. కోర్టులో గడిపిన రెండేళ్లు ఆ దరఖాస్తులోనూ పనికొస్తాయి, అది దక్కితే తోట ఊసే రాదు.

కాబట్టి ఎకరాన్ని ఇప్పుడు బేరం పెట్టకండి. కన్సల్టెన్సీ వారికి అడ్వాన్సు కట్టేముందు వారు చెబుతున్న కోర్సు పేపర్ల జాబితాను రాతపూర్వకంగా తెప్పించుకోండి. అందులో మన కోర్టుల్లో పనికొచ్చేవాటి కింద ఒక గీత, కంపెనీ ఉద్యోగానికి పనికొచ్చేవాటి కింద రెండు గీతలు అమ్మాయినే గీయమనండి. ఆ కాగితం నకలు నాకు పంపితే, ఆమె ఏ వైపు మొగ్గుతోందో చూసి మిగతాది వివరంగా రాస్తాను.