ఫాల్కే అగ్గిపుల్లల చిత్రం ఎక్కడ?

ప్రశ్న: దాదాసాహెబ్ ఫాల్కే అగ్గిపుల్లలతో యానిమేషన్ చిత్రం తీశారట. యానిమేషన్ నేర్చుకుంటున్న మా అమ్మాయికి చూపించాలని ఉంది. ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఎక్కడా దొరకదండీ. 1915 నాటి ‘ఆగ్‌కాడ్యాంచీ మౌజ్’ ప్రతి ఒక్కటీ మిగల్లేదు. ఎవరైనా అదేనంటూ వీడియో పంపితే వెంటనే నమ్మకండి. ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 1908లోనే అగ్గిపుల్లలను ఆడించాడు; మీకొచ్చింది ఆ చిత్రం కావచ్చు.

అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం. ముడి ఫిల్ముకూ పెట్టుబడికీ కటకట. ఫాల్కే చిన్న చిత్రాలతో నెట్టుకొచ్చారు. పుల్లను కాస్త జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం: సెకనుకు 16 ఫ్రేముల లెక్కన నిమిషం బొమ్మకు 960 సార్లు! ఈ ఓపిక ఆయనకు కొత్త కాదు. 1912లో కుండీలో బఠానీ గింజ నాటి, రోజుకో ఫ్రేము చొప్పున మొక్క ఎదుగుదలను చిత్రించారు. పెట్టుబడిదారులను ఒప్పించింది ఆ బఠానీ మొక్కే. ‘రాజా హరిశ్చంద్ర’ (1913) ఆ తర్వాతే.

ఇలాంటి చిత్రాలు ఎందుకు మిగల్లేదంటే, అప్పట్లో వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది, లేదంటే పొడిపొడి అవుతుంది. ఫిల్ములో ఉండే వెండి కోసం కరిగించినవాళ్లూ ఉన్నారు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వెలిసింది 1964లో. ఫాల్కే పోయిన ఇరవై ఏళ్లకు! మన తెలుగువాళ్ల మూకీ చిత్రం ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) కూడా మిగల్లేదు, నాకు అది మరీ బాధ.

అమ్మాయికి ఫాల్కేదే ‘కాళీయ మర్దన్’ (1919) చూపించండి. చాలా భాగం మిగిలింది. అందులో బాలకృష్ణుడు ఫాల్కే కూతురు మందాకిని.