పాత పోస్టుకార్డు మీద 1908 తపాలా ముద్ర ఉంటే ఫోటో కూడా 1908దేనా?

కాదు, ఆ ముద్ర కార్డు పోస్టులో పడిన తేదీనే చెబుతుంది. ఫోటో అంతకంటే చాలా ఏళ్ల ముందుదై ఉండవచ్చు. ఎందుకంటే అచ్చువేసేవాళ్లు ఒకసారి తీసిన నెగటివ్‌నే ఏళ్ల తరబడి వాడేవారు. దుకాణంలో మిగిలిన కార్డులు కూడా తాపీగా అమ్ముడయ్యేవి.

అమెరికా దక్షిణాన ఉన్న న్యూ ఆర్లీన్స్‌నే తీసుకోండి. అక్కడి కెనాల్ స్ట్రీట్ మధ్యలో అమెరికా రాజకీయ నాయకుడు హెన్రీ క్లే విగ్రహం ఉండేది. 1900 ప్రాంతంలో దాన్ని లాఫయెట్ స్క్వేర్‌కు మార్చారు. కాబట్టి కెనాల్ స్ట్రీట్ ట్రామ్ పట్టాల పక్కన ఆ విగ్రహం కనబడితే, ముద్ర ఏ ఏడాదిదైనా, దృశ్యం అంతకు ముందుదే. ముద్ర కన్నా ఇలాంటి ఆనవాళ్లనే నేను ఎక్కువ నమ్ముతాను. కార్డు వెనక్కి తిప్పి కూడా చూడాలి. అమెరికాలో 1907 మార్చి 1 దాకా వెనకవైపు చిరునామా మాత్రమే రాయాలి. అందుకే పాత కార్డుల్లో క్షేమ సమాచారం బొమ్మ అంచున ఇరికించి ఉంటుంది. వెనక మధ్యలో గీత ఉండి, ఒకవైపు ఉత్తరానికి, రెండోవైపు చిరునామాకు చోటుంటే అది సాధారణంగా ఆ తర్వాత అచ్చయిన కార్డు. ఇదీ అచ్చు కాలమే, ఫోటో కాలం కాదు.

చాలామంది పొరబడేది రంగుల దగ్గర. ఆ నీలాకాశం, ఎర్ర ఇటుక గోడలు కెమెరా పట్టినవి అనుకుంటారు. అప్పటి కార్డుల్లో దాదాపు అన్నీ నలుపు తెలుపు ఫోటోలే. రంగులు అచ్చులో వేసినవి. అందుకే ఒకే వీధి ఒక కార్డులో పట్టపగలు, ఇంకోదాంట్లో వెన్నెల రాత్రిగా కనిపిస్తుంది.