పంపిన డబ్బుకి లెక్క అడిగితే తప్పా?

ప్రశ్న: అక్కా, ఆరేళ్లుగా పరాయి దేశంలో ఇంటిపని చేస్తున్నాను. జీతం రాగానే మా ఆయన ఖాతాకి పంపేస్తాను. మా మరిదీ విదేశంలోనే ఉన్నాడు. స్థలం కొనాలన్నా, గోడలకు రంగు వెయ్యాలన్నా అతన్ని అడిగే చేస్తారు. పోయిన నెల డబ్బు ఏమైందని నేను అడిగితే మాత్రం "మమ్మల్ని అనుమానిస్తున్నావా?" అంటున్నారు. అడగడం నా తప్పా?
– ఒక సోదరి

జవాబు: తప్పు కాదు చెల్లీ. పదకొండేళ్లు నేనూ అదే పని చేశాను. ఎక్స్ఛేంజ్ కౌంటర్లో ఇచ్చిన ప్రతి రసీదూ పాస్‌పోర్టు కవర్లో దాచుకున్నాను. తిరిగొచ్చాక లెక్క చూద్దామని తీస్తే సగానికి పైగా తెల్లకాగితాలే. ఆ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకే వెలిసిపోతుందని నాకప్పుడు తెలియదు. ఎంత పంపానో చెప్పడానికి నా నోటిమాట తప్ప ఏమీ మిగల్లేదు. అందుకే ముందు నీ రసీదులన్నిటికీ ఫొటోలు తీసుకో. తేదీ, మొత్తం నోటుబుక్కులో రాసుకో. ఇవాళే.

మగవాడు వెళ్తే సంపాదనకు వెళ్లాడంటారు, ఆడది వెళ్తే పిల్లల్ని వదిలేసి వెళ్లిందంటారు. ఈ మాట నిబంధనల్లోకీ ఎక్కింది. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులు ఇంటిపనికి విదేశం వెళ్లకూడదని శ్రీలంక 2013లో రూలు పెట్టింది. తండ్రులను ఎవరూ ఆపలేదు. తప్పు చేసినట్టు కుంగిపోతూ పంపే డబ్బుకి లెక్క అడగాలంటే నోరు పెగలదు. నాకూ పెగల్లేదు.

ప్రపంచంలో వలస వెళ్లినవాళ్లలో దాదాపు సగం మంది ఆడవాళ్లే. మన జీతాలు తక్కువ కాబట్టి కొంచెం కొంచెంగా పంపుతాం, చిన్న మొత్తాలకే ఖర్చు ఎక్కువ. 200 డాలర్లు పంపితే ప్రపంచ సగటున 6 శాతం పైనే దారిలో పోతోంది. 2030కల్లా దాన్ని 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. ఛార్జీ లేదన్న చోట మారకపు రేటు చూడు, అక్కడ కోసేస్తారు.

నీ ఒక్కదాని పేరు మీద ఖాతా తెరువు. జీతం ముందు అందులో పడాలి. ఇంటిఖర్చు అక్కణ్నుంచి వెళ్లాలి, మిగిలింది అక్కడే ఉండాలి.

ఇంకొకటి. నీ పిల్లల్ని ఎవరు చూస్తున్నారో రాయలేదు. అత్తగారో, అక్కో, ఎవరో ఒక ఆడమనిషే అయ్యుంటుంది. ఆమె చాకిరీ లేకపోతే నువ్వు విమానం ఎక్కేదానివి కాదు. నెలకు కొంత ఆమె పేరునే పంపు. నా కొడుకుని పదకొండేళ్లూ పెంచింది మా అక్క. ఆమెకంటూ వేరుగా నేను ఒక్కసారీ పంపలేదు. అది ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

మీ ఆయనతో గొడవ పడకు, మెత్తగానే అడుగు: "అనుమానం కాదండీ, మరిదికి చెప్పే లెక్కే నాకూ చెప్పండి." ఆయన ఏమన్నారో మళ్లీ ఉత్తరం రాయి.