పిల్లల టీకాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: మా పాపకు పదకొండో నెల. నెలన్నరకు మొదటి పెంటా టీకా (ఐదు జబ్బులకు కలిపి వేసేది) వేయిస్తే రాత్రంతా జ్వరం, ఏడుపు. తర్వాత పుట్టింటి నుంచి ఇక్కడికి వచ్చేయడంతో మిగతావి ఆగిపోయాయి. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి వేయించాలా? వేసిన చోట చాలా రోజులు గడ్డ కూడా ఉండిపోయింది.
– ఒక తల్లి, మంగళగిరి

జ: మొదటి నుంచి అక్కర్లేదు. వేసిన డోసు ఎంత ఆలస్యమైనా లెక్కలోనే ఉంటుంది. ఈ బుధవారమో శనివారమో కార్డు తీసుకుని మీ ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) దగ్గర రెండోది వేయించండి. కనీసం నాలుగు వారాలు ఆగి మూడోది. అది పడిన ఆరు నెలలకు, అంటే పాపకు ఏడాదిన్నర నిండేసరికి, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్, అంటే రక్షణ నిలిపే అదనపు డోసు. తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా కూడా తప్పిపోయి ఉంటే అదే రోజు వేరే చోట వేస్తారు, భయం లేదు. ఏడాది లోపు ఒక్క పెంటా కూడా పడని బిడ్డకైతే లెక్క మారుతుంది: ప్రభుత్వ టీకాల్లో నెల తేడాతో మూడు డీపీటీలు, ఆరు నెలలకు బూస్టర్.

ఇక వాయిదా మాత్రం వద్దు. డీపీటీ ఆపే కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు మూడింటిలో పసిపిల్లలకు గండం కోరింత దగ్గు. మరీ చిన్న బిడ్డకు ఆ కూత పెట్టే దగ్గు రాకపోవచ్చు. ఊపిరి ఆగి ఒళ్లు నీలంగా మారడమే మొదటి గుర్తు కావచ్చు. ముక్కు కారుతోందనో, కాస్త విరేచనమైందనో టీకా ఆపకండి. వెనకటి డోసుకు ప్రాణం మీదకొచ్చే ఎలర్జీ వచ్చినా, వారం లోపు ఫిట్సు వచ్చినా, స్పృహ తప్పినా ముందే డాక్టరుకు చెప్పాలి.

జ్వరం సంగతి. ఇది సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మళ్లీ పోయాలంటే ఆరు గంటల తేడా. ఏడు కిలోల బిడ్డకు 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 3 నుంచి 4 మి.లీ. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే: చుక్కల మందు మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, దానిలో 0.7 నుంచి 1 మి.లీ. చాలు. సిరప్ లెక్కన చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడుతుంది. సీసా మీది అంకె చదివాకే మూత తీయండి.

తొడ మీద గడ్డ నొప్పి లేకుండా కొన్ని వారాలు ఉండొచ్చు, దానంతటదే కరుగుతుంది. కాపడం, పసుపు పట్టు, రుద్దడం వద్దు. తడిగుడ్డ వేస్తే చాలు. మూడు గంటలకు పైగా ఆగకుండా ఏడ్చినా, ఒళ్లు వేలాడేసినా, ఫిట్సు వచ్చినా, గడ్డ ఎర్రబడి చీము పట్టినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్ర: నొప్పి లేని టీకా విజయవాడలో మందుల షాపులో కొని, ఎండలకు పాడవకుండా ఐసు ముక్కల్లో పెట్టి గుంటూరు తెచ్చాం. డాక్టరుగారు వేయనన్నారు. ఎందుకు?
– ఒక తండ్రి, బ్రాడీపేట

జ: ఆయన చేసింది సరైన పనే. ‘నొప్పి లేనిది’ అనే ఈ టీకా డీపీటీలోనే మరో రకం, దీనికి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. కానీ ఎండకంటే ముందు దీన్ని పాడుచేసేది గడ్డకట్టడమే. మందు అల్యూమినియం లవణాన్ని పట్టుకుని ఉంటుంది; గడ్డకడితే ఆ రేణువులు ముద్దలు కడతాయి, కరిగాక మళ్లీ మామూలుగా కలవవు. టీకా బలం తగ్గుతుంది, సూది చోట వాపూ ఎక్కువవుతుంది. ప్రభుత్వ టీకా సీసా మీది రంగు గుర్తు కూడా వేడి తగిలిందా అన్నదే చెబుతుంది, గడ్డకట్టిందా అన్నది చెప్పదు. ఆరోగ్య సిబ్బంది అనుమానం వస్తే, కావాలని గడ్డకట్టించి కరిగించిన అలాంటి సీసాతో పాటు కుదిపి పక్కపక్కన పెడతారు. పాడైనది తొందరగా అడుగుకు దిగి పైన నీళ్లలా తేరుకుంటుంది. ఇంట్లో ఈ పరీక్షలు పెట్టుకోకండి. టీకా నిల్వ ఉన్న క్లినిక్‌లోనే వేయించుకోవడం మేలు.

నొప్పి లేనిదన్న పేరు సగమే నిజం. సూది నొప్పి ఒకటే. జ్వరం, వాపు తక్కువ. కోరింత దగ్గుపై దాని రక్షణ మాత్రం ప్రభుత్వం ఉచితంగా వేసే పాత రకం కంటే త్వరగా పలచబడుతుంది. కాబట్టి ఉచిత టీకా వేయించినందుకు బిడ్డకు తక్కువ చేశామని ఎవరూ అనుకోనక్కర్లేదు.

ప్ర: ఒకటో తరగతిలో చేర్చాం. ఇంకా ఏమైనా టీకా ఉందా?
– తెనాలి పాఠకురాలు

జ: ఉంది, ఎక్కువమంది మరిచేది ఇదే. 5-6 ఏళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్, ఈసారి ఎడమ చేతికి. ఏడేళ్లు నిండితే డీపీటీ వేయరు, దాని బదులు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) వేస్తారు. తర్వాత 10, 16 ఏళ్లకు టీడీ.