ప్రాజెక్టుకి రీసెర్చ్ పేపర్లు ఎక్కడ, ఎలా వెతకాలి? డబ్బు కట్టాల్సిందేనా?

(ప్రశ్న: బెంగళూరులో ఎమ్మెస్సీ చదువుతున్న మా తమ్ముడు బెళ్ళందూరు చెరువు నురగ మీద ప్రాజెక్టు తీసుకున్నాడు. గూగుల్ చేస్తే అన్నీ వార్తలే. పేపరు కనబడితే డబ్బు అడుగుతోంది.)

డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ తమ్ముణ్ణి వెతికే మాటలు మార్చమనండి. "బెళ్ళందూరు చెరువులో నురగ ఎందుకొస్తుంది" అని ప్రశ్న మొత్తం కొడితే వార్తలే వస్తాయి, విలేకరులు రాసే తీరు అదే కాబట్టి. పరిశోధకులు వాడే మాటలు వేరు: సర్ఫాక్టెంట్ (సబ్బుల్లో ఉండే నురగ పదార్థం), ఫాస్ఫేట్, యూట్రోఫికేషన్ (పోషకాలు ఎక్కువై నీళ్ళలో నాచు, మొక్కలు పెరిగిపోవడం), మ్యాక్రోఫైట్ (కంటికి కనబడే నీటి మొక్క). పరిశోధన పేపర్లు వెతకడానికి గూగుల్ పెట్టిన గూగుల్ స్కాలర్‌లో చెరువు పేరు డబుల్ కోట్స్‌లో పెట్టి, పక్కన వీటిలో ఒక్కటే చేర్చాలి. అన్నీ ఒకేసారి కుక్కితే ఫలితాలు అడుగంటిపోతాయి. దిగువనున్న వర్తూరు చెరువు పేరుతోనూ విడిగా వెతకాలి. బెళ్ళందూరు నీళ్ళు వెళ్ళేది అందులోకే, రెండింటినీ కలిపి రాసినవాళ్ళూ ఉన్నారు.

ఊరి పేరు దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇంగ్లీషులో బెంగళూరు అన్న స్పెల్లింగ్ అధికారికంగా వచ్చింది 2014 నవంబరు 1న. అంతకుముందు పేపర్లలో ఎక్కువగా ఉండేది బ్యాంగలోరే. రెండు స్పెల్లింగులూ ఇచ్చి, మధ్యలో 'OR' (లేదా) అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టాలి. చిన్న అక్షరాల్లో కొడితే పనిచెయ్యదు. చెన్నైలో చదివేవాళ్ళకీ ఇదే తంటా, 1996కి ముందువన్నీ మద్రాసు పేరుతోనే ఉంటాయి.

ఒక్క మంచి పేపరు చిక్కిందా, ఇక కొత్తగా వెతకడం ఆపెయ్యాలి. దాని కింద 'సైటెడ్ బై' అని ఉంటుంది. అది నొక్కితే తర్వాతి కాలంలో ఆ పేపర్ని ఉదహరించినవన్నీ వస్తాయి. పైన 'సెర్చ్ వితిన్ సైటింగ్ ఆర్టికల్స్' అన్న గడిలో టిక్ పెట్టి 'ఫోమ్' అని కొడితే వాటిలోంచి పనికొచ్చేవే మిగులుతాయి. పాతవాటికి పేపరు చివరి రిఫరెన్సులు చూసుకోవాలి. ఈ రెండు దారులు వదిలేసి రోజూ సెర్చ్ బాక్సు దగ్గర మొదలుపెట్టడం టైమ్ వేస్ట్.

ఇప్పుడు డబ్బు. జర్నల్ పేజీలో కార్డు నంబరు అడగ్గానే వెనక్కొచ్చి, అదే ఫలితం కింద 'ఆల్ వెర్షన్స్' నొక్కాలి. చాలాసార్లు రచయిత తన యూనివర్సిటీ సైట్లో పెట్టిన కాపీ అక్కడ ఉంటుంది. బెంగళూరు చెరువుల మీదైతే ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వెట్‌లాండ్స్ బృందం టెక్నికల్ రిపోర్టులు ఉచితంగానే దొరుకుతాయి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 పబ్లిషర్ల జర్నళ్ళు, సుమారు 13,000, చదువుకోవచ్చు. ప్రైవేటు కాలేజీలకి అది ఇంకా అందకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఫీజు ఎక్కువ కట్టేవాడికి చదువు తక్కువా? పైగా కొన్ని కాలేజీలు డేటాబేసులు కొని, ఇంటి దగ్గర్నుంచి లాగిన్ అయ్యే దారి పిల్లలకి చెప్పనే చెప్పవు. మొహమాటపడకుండా లైబ్రేరియన్‌ని అడగాలి.

శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌ని మాత్రం వదలొద్దు. పీహెచ్‌డీ థీసిస్‌లు అందులో చాప్టర్ల వారీగా విడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి. 'రివ్యూ ఆఫ్ లిటరేచర్' ఉన్న ఫైలు, చివరి బిబ్లియోగ్రఫీ ఫైలు దించుకుంటే నెలల పని కలిసొస్తుంది. కానీ అందులోని వాక్యాలు ఎత్తి రాయొద్దు, అసలు పేపరు తెరిచి చదివి రాయాలి.

చాట్‌బాట్‌ని రిఫరెన్సులు అడిగేవాళ్ళకి ఒక్క మాట. అది ఇచ్చే పేరు, జర్నల్, సంవత్సరం అన్నీ నిజంలాగే ఉంటాయి, ఒక్కోసారి పేపరే ఉండదు. పేపర్ని గుర్తించడానికి ఇచ్చే డీఓఐ నంబరు 10తో మొదలవుతుంది. దాన్ని డీఓఐ డాట్ ఓఆర్‌జీలో పెట్టి చూడండి. ఎర్రర్ వచ్చినా, వేరే పేపరు తెరుచుకున్నా, శీర్షికని డబుల్ కోట్స్‌లో పెట్టి స్కాలర్‌లో మరోసారి వెతకండి. అక్కడా కనబడకపోతే ఆ రిఫరెన్సు కొట్టెయ్యండి.