మైక్రాన్‌ను పంటి కింద పెట్టి చూసిన సంగతి

ప్రశ్న: మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు అని చదివాను. కానీ అది ఎంతో మనసుకు పట్టడం లేదు. ఇంట్లో ఉండే దుమ్ము, పిండి లాంటివాటితో ఎవరైనా చెప్తారా?

అందరూ వెంట్రుకతోనే మొదలుపెడతారు. వెంట్రుక మందం 70 మైక్రాన్లని ఒకరు, 100 అని ఇంకొకరు. ఎవరి వెంట్రుకండీ? మా మనవరాలి జుట్టు, నా మీసం ఒకటేనా? నన్నడిగితే మైక్రాన్లు కంటికంటే పంటికే బాగా తెలుస్తాయి.

మాది పాత కడప జిల్లా, కోడూరు వైపు. మంగంపేట ముగ్గురాయిని (బెరైటీస్ అనే బరువైన ఖనిజం) పొడి కొట్టే మిల్లులో పదకొండేళ్ళు ల్యాబ్ చూసుకున్నాను. ఆ పొడి చమురు బావులు తవ్వేచోటికి పోతుంది. నీళ్ళకంటే నాలుగింతలు పైగా బరువు కాబట్టి, తవ్వేటప్పుడు వాడే బురదలో కలిపి లోపలి ఒత్తిడిని అణచడానికి వాడతారు. కొనేవాళ్ళ షరతు ఏమిటంటే, 75 మైక్రాన్ల జల్లెడ మీద నూటికి మూడు వంతులకు మించి మిగలకూడదు. అలాగని మరీ మెత్తగా నూరినా ఒప్పుకోరు. 6 మైక్రాన్లకు లోపుది 30 శాతం దాటితే బురద చిక్కబడుతుందంటారు.

మిల్లులో ఎవరూ మైక్రాన్ అనరు, మెష్ అంటారు. 200 మెష్ అంటే అంగుళానికి 200 కళ్ళున్న జల్లెడ. అంగుళం 25,400 మైక్రాన్లు. 200తో భాగిస్తే 127 వస్తుంది, అందులో తీగ మందం పోగా కన్ను 75 మిగులుతుంది. 325 మెష్‌కి 45. నంబరు పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుందన్నమాట. చేరిన కొత్తలో నేను దీన్ని తిరగేసి అర్థం చేసుకుని వారం రోజులు తిట్లు తిన్నాను.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి షిఫ్టులో మిల్లు ఆపరేటర్ పెద్దాయన బస్తా మూతి దగ్గర చిటికెడు పొడి తీసి, ముందు పళ్ళ మధ్య పెట్టి కొరికాడు. ఉమ్మేసి, "పలుకు తగుల్తాంది అబ్బోడా, లోడు ఆపు" అన్నాడు. నేను వేళ్ళతో నలిపి చూస్తే మొహానికి రాసుకునే పౌడరులా ఉంది. లారీ డ్రైవరేమో హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. సరే అని 50 గ్రాములు తూచి, నీళ్ళలో చిలికి, 200 మెష్ జల్లెడలో పోసి కుళాయి కింద కడిగాను. మిగిలింది ఆరబెట్టి తూస్తే 2.3 గ్రాములు. ఉండాల్సింది గ్రామున్నర లోపు! వెళ్ళి చూస్తే క్లాసిఫయర్ బెల్టు వదులైంది. అది జోరుగా తిరిగితేనే బరక ముక్కలు వెనక్కి నలగడానికి పోతాయి, మెత్తది బయటికొస్తుంది. బెల్టు జారి వేగం తగ్గేసరికి బరకది కూడా దాటిపోతోంది. ల్యాబ్‌లో గంట పట్టిన లెక్క ఆయన పంటికి అర నిమిషం. (మీరు మాత్రం రాతిపొడి నోట్లో పెట్టకండి. ఆయన వేరు.)

ఇదేమీ మంత్రం కాదు. చాక్లెట్‌ను 20, 30 మైక్రాన్ల దాకా నూరేది కూడా అందుకే, అంతకంటే పెద్దదైతే నాలుకకు ఇసుకలా తగులుతుంది. మెత్తటి మైదా చాలావరకు 200 మైక్రాన్ల లోపు. కంటికి 40, 50 దగ్గర చూపు ఆగిపోతుంది. ఎర్ర రక్తకణం ఏడెనిమిది, బ్యాక్టీరియా ఒకటి రెండు, కరోనా వైరస్ 0.1.

అసలు భయపడాల్సింది ఈ కంటికానని వాటికి. షెడ్డు రేకుకు చిల్లుండేది. అందులోంచి ఎండ కడ్డీలా దిగితే దుమ్ము తళతళలాడేది. మిల్లు ఆపి కాసేపయ్యాక "గాలి తేటపడిందిలే" అని తువ్వాలు విప్పి, అక్కడే క్యారియర్లు తెరిచేవాళ్ళం. అది ఎంత తెలివితక్కువ పనో తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. గాలి కదలకపోతే 10 మైక్రాన్ల నీటి తుంపర మూడు మీటర్లు దిగడానికి పావుగంట పైన పడుతుంది. ఒక మైక్రాన్‌దైతే దాదాపు ఒక రోజు. అదే సైజు మా ముగ్గురాయి పొడి బరువు కాబట్టి తొందరగా దిగుతుంది, అయినా ఆరు గంటలు! నాలుగైదు మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల చివరిదాకా పోతాయి. తువ్వాలు నేతలో సందులు వందల మైక్రాన్లు. అంటే కంచె వేసి దోమల్ని ఆపినట్టు. మాస్కులు అడిగితే "మీ తాతలు కట్టుకోలేదా" అన్నారు ఆఫీసులో.

ఇప్పుడేమో ఎక్కడ చూసినా మైక్రానే. కూరగాయలమ్మేవాడు కవరు 120 మైక్రాన్లంటాడు, వేలితో పొడిస్తే చిరుగుతుంది. 2022 డిసెంబర్ 31 నుంచి 120 కంటే పలచనివి అమ్మకూడదని రూలుంది, కొలిచేవాడెవడు? నీళ్ళ ఫిల్టర్ అమ్మే కుర్రాడు ఐదు మైక్రాన్ల క్యాండిల్ చూపించి "బ్యాక్టీరియా కూడా ఆగిపోతుంది సార్" అన్నాడు. రెండు మైక్రాన్లది ఐదు కన్నులోంచి దూరిపోదా నాయనా అంటే నా వైపు అదోలా చూశాడు.

ఇక మా ఆవిడ గొడవ వేరు. రాగులు పట్టించడానికి పోయినప్పుడల్లా చిటికెడు పిండి పళ్ళ మధ్య పెట్టి చూస్తానని విసుక్కుంటుంది. మర ఆయన మాత్రం నన్ను దూరం నుంచి చూడగానే రాళ్ళు కాస్త బిగిస్తాడు.