తీగలు తెగలేదు.. మోచేయి పట్టేసింది!

ప్రశ్న: నా వయసు 43. హన్మకొండలో ఉంటాను. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే టెన్నిస్ ఆడతాను. రాకెట్ తీగలు ఊరికే తెగుతున్నాయని ఐదు నెలల కిందట పాలిస్టర్ గట్టింగ్ (తీగలు బిగించడం) చేయించాను, 56 పౌండ్ల టెన్షన్‌తో, అంటే బిగువుతో. అవి ఇప్పటికీ తెగలేదు. కానీ రెండు నెలలుగా కుడి మోచేయి బయటివైపు నొప్పి. టీ కప్పు ఎత్తినా లాగుతోంది. ఇంజెక్షన్ చేయించుకోమంటున్నారు. ఆట మానేయాలా?

జవాబు: ఆట పూర్తిగా మానక్కర్లేదు, కొన్నాళ్లు ఆపితే చాలు. ముందు ఆ తీగలు కోయించేయండి.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది టెన్నిస్ ఎల్బోలా ఉంది. మణికట్టును పైకి లేపే కండరాలు మోచేయి బయటి ఎముకకు అతుక్కునే చోట స్నాయువు దెబ్బతినడమే ఈ సమస్య. చెయ్యి చాచి, అరచేయి కిందికి ఉండేలా ఒక కుర్చీని పట్టుకుని లేపి చూడండి. నొప్పి సరిగ్గా ఆ ఎముక దగ్గరే వస్తే దాదాపు అదే.

పాలిస్టర్ తీగ బిరుసు. బంతి తగిలినప్పుడు పెద్దగా సాగదు, ఆ అదురంతా చేతికే వస్తుంది. బలంగా బాదుతూ స్పిన్ వేసే కుర్రాళ్లకు అది పనికొస్తుంది. వాళ్లూ తరచూ మార్చుకుంటారు. ఎందుకంటే అన్ని రకాల్లోనూ టెన్షన్ త్వరగా కోల్పోయేది ఇదే. తెగలేదు కదా, బాగానే ఉందనుకోవద్దు. నిలువు తీగను వేలితో పక్కకు జరిపి వదలండి. టక్కున వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోతే దాని పని అయిపోయినట్టే. అలాంటి తీగతో బంతి అదుపులో ఉండదు, మీకు తెలియకుండానే పిడికిలి ఇంకా బిగిస్తారు. మోచేతిని తినేసేది ఆ బిగింపే.

చేతికి అన్నిటికంటే హాయి, టెన్షన్ ఎక్కువ కాలం నిలిచేది నేచురల్ గట్. అది ఆవు పేగులతో చేస్తారు. ఖరీదెక్కువ, తడి తగిలితే పాడవుతుంది. అందుకే మీకు నా సలహా మల్టీఫిలమెంట్. సన్నని నైలాన్ పోగులు వందలకొద్దీ పేని చేసిన మెత్తని తీగ అది. మీకు తెగే బెడద ఉంది కాబట్టి 1.30 మి.మీ. మందం తీసుకుని, 50-52 పౌండ్లకు బిగించమనండి. టెన్షన్ తగ్గితే బంతి కూడా సులువుగా వెళ్తుంది. తీగల మధ్య పెట్టే రబ్బరు ముక్క చప్పుడు తగ్గిస్తుందే గానీ మోచేతిని కాపాడదు. మన ఓరుగల్లు ఎండల్లో రాకెట్‌ను కారులో వదిలేయకండి, వేడికి ఏ తీగైనా వదులవుతుంది.

ఇంజెక్షన్‌కు తొందరపడొద్దు. స్టెరాయిడ్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది కానీ నొప్పి తిరగబెట్టడం ఎక్కువ. దానికి బదులు మూడు వారాలు రాకెట్ పక్కన పెట్టి, వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడవండి. రోజూ అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, అరచేయి కిందికి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండేలా ముంజేయి ఆనించి, మణికట్టును రెండో చేత్తో పైకి లేపి, మెల్లగా దించండి. పదిహేనేసి సార్లు, మూడు విడతలు. కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు, పెరుగుతుంటే ఆపండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, మెడ నుంచి నొప్పి లాగుతున్నా, ఆరు వారాలకూ తగ్గకపోయినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి.

కొత్త గట్టింగ్ చేయించిన రోజే రాకెట్ మెడ దగ్గర చిన్న ప్లాస్టర్ ముక్క అంటించి తేదీ, టెన్షన్ రాసిపెట్టండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రాకెట్ కూడా పట్టుకెళ్లండి.